హజరత్తయ్య గుర్రమెక్కిన సంగతి

కావలి చుట్టుపక్కల ఊళ్ళలో హజరత్తయ్య చెయ్యి తగలని పెళ్ళికొడుకు అరుదు. మోకాలి కింద చెయ్యి పెట్టి గుర్రం మీదికి ఎత్తేవాడు. పంచె జీనులో ఇరుక్కుంటే విడిపించేవాడు. బెదిరిపోయి గుర్రం మెడ కరుచుకున్నవాడికి "ఏం కాదు అల్లుడా, మా దొరసాని దీపం లాంటిది" అని ధైర్యం చెప్పేవాడు. అంతమందిని ఎక్కించిన మనిషి, యాభై దాటినా తాను మటుకు ఒక్కసారీ గుర్రం ఎక్కలేదు.

దానికి కారణం ఉంది. పెళ్ళిగుర్రాలు తిప్పే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు. వీపు పెళ్ళికొడుకుది, నేల మనది. పగ్గం పట్టి నడవాల్సినవాడు వీపెక్కి కూర్చుంటే వాడికి రెండో పెళ్ళి రాసిపెట్టినట్టేనని వాళ్ళ నాయన చెప్పేవాడు. పోనీ మొదటి పెళ్ళికైనా ఎక్కాడా అంటే అదీ లేదు. సరిగ్గా ఆ ముహూర్తానికే ఇంటి గుర్రాన్ని బిట్రగుంటలో ఎవరో కుదుర్చుకున్నారు. ఒప్పుకున్న మాట తప్పకూడదని నాయన గుర్రంతో అటు పోతే, పెళ్ళికొడుకు సైకిలు క్యారేజీ మీద మామగారింటికి చేరాడు.

"గుర్రాలోళ్ళ సంబంధమని మా వాళ్ళు ఊరంతా చెప్పుకున్నారు. తలుపు తీస్తే సైకిలు గంట!" అని ఆయన భార్య ఆదిశేషమ్మ ఇంటికొచ్చినవాళ్ళకి ఇప్పటికీ కాఫీతోపాటు ఈ కథ కూడా పోస్తుంది.

దొరసాని తెల్లటి ఆడగుర్రం. దాని పేరు చెబితే కావలిలో అందరికీ గుర్తొచ్చేది దాని ఆట. మేళంలో పలక డప్పులు మోగితే చాలు, ముందుకాళ్ళు మార్చి మార్చి ఎత్తుతూ, మెడ విల్లులా వంచి, ఉన్నచోటనే ఆడేది. "తాళం తెలిసిన జీవం అబ్బయా. పలకలోడు తప్పు కొడితే ఆగి వాడి మొహంకల్లా చూస్తాది" అని హజరత్తయ్య చెప్పుకునేవాడు. కూతురికి సంగీతం చెప్పించిన తండ్రి కూడా అంత మురిసిపోడు.

కాలం మారింది. పెళ్ళికొడుకులు పైకప్పు లేని కార్లెక్కారు. పలకల చోట ఇంటి గోడలదిరేలా పాటలు పెట్టే లారీలొచ్చాయి. దొరసాని పెరట్లో రేకుల చావిడిలో నిలబడి ఉలవలు నములుతూ, ఎప్పుడో ఒకసారి వచ్చే పిలుపు కోసం చూసే స్థితికి వచ్చింది. గూడూరు వైపు నుంచి ముత్యాలయ్య అనే గుర్రాల బేరగాడు నెలకోసారి వచ్చి గడప దగ్గర కూర్చునేవాడు.

"నాకియ్యన్నా. మద్రాసు బీచిలో పిల్లకాయల్ని ఎక్కించి తిప్పుకుంటా."

బీచి గుర్రాల సంగతి హజరత్తయ్యకి తెలుసు. ఎండలో ఇసుకలో పొద్దస్తమానం, ఎవడు తన్నినా నడవాలి. ఆయన జవాబు చెప్పకుండా దాణా కలుపుకునేవాడు. జవాబు ఆదిశేషమ్మ చెప్పింది, మొగుడికి.

"ముక్కోటి ఏకాదశి దాకా చూస్తా. ఆ లోపల దీనికి పని దొరక్కపోతే ముత్యాలయ్యని రమ్మంటా. నువ్వేడువు, నేనూ ఏడుస్తా. గుర్రం మటుకు పోవాల్సిందే."

ఆ వారంలోనే ఫ్లోరా వచ్చింది.

ఫ్లోరాది గూడూరు. బెంగుళూరులో ఒక గుర్రాల బడిలో ఏళ్ళ తరబడి పనిచేసి, తుమ్మలపెంట దారిలో సరుగుడు తోటల మధ్య పాడుబడ్డ రొయ్యల చెరువొకటి కౌలుకి తీసుకుని, దాన్ని ఇసుకతో పూడ్పించి, చుట్టూ కంచె వేయించింది. శని ఆదివారాల్లో అక్కడ స్వారీ నేర్పే శిబిరాలు పెడుతోంది, వాటినే క్లినిక్కులంటుంది. నేర్పేది వెస్టర్న్ డ్రెసాజ్. అంటే పడమటి దేశాల్లో పశువుల మంద వెంట తిరిగేవాళ్ళు వాడే పెద్ద జీను వేసి, గుర్రాన్ని అనుకున్న గీత మీద, అనుకున్న నడకలో, మీద కూర్చున్నవాడు ఏం చెబుతున్నాడో చూసేవాళ్ళకి తెలియనంత నిదానంగా నడిపించే విద్య.

ఎవరిదో పెళ్ళి ఊరేగింపులో దొరసాని కాళ్ళ మధ్య టపాకాయల సరం పేలడం ఆమె చూసింది. పెళ్ళికొడుకు స్నేహితులు తలో దిక్కుకీ పరుగెత్తారు. దొరసాని కళ్ళు ఆర్పి, తోక ఒకసారి విసిరి, ఊరుకుంది. మర్నాడు పొద్దున్నే ఫ్లోరా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నా, మీ గుర్రం నాకు కావాల."

"దానికేందమ్మా. ముహూర్తం ఎన్నింటికి?"

"పెళ్ళి కాదన్నా, బడి. కొత్తగా నేర్చుకునేవాళ్ళని మోసే గుర్రం, దేనికీ బెదరంది కావాల. మార్గశిరంలో బెంగుళూరు నుంచి మా గురువుగారు పరీక్ష పెట్టను వస్తారు. ఆయన సరే అంటే దొరసాని నా దగ్గరే ఉంటాది, మీరూ దాంతోపాటే."

"అదెంత పని! ఎవర్ని ఎక్కించమంటావు?"

"మిమ్మల్నే."

హజరత్తయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"అది మీ మాట తప్ప ఎవరి మాటా వినదు కదన్నా. మీరు పైనుంచి చెబితే వినడం నేర్చుకుంటే, రేపు ఇంకొకరు చెప్పినా వింటాది. క్లినిక్కుకి రండి."

లోపల్నించి ఆదిశేషమ్మ గొంతు వచ్చింది. "క్లినిక్కా? ఎవరికి బాగలేదంట, నీకా దానికా?"

సంగతి విన్నాక ఆమె చీరకొంగు నడుముకి దోపుకుని బయటికొచ్చింది. "ఎక్కితే రెండో పెళ్ళని మా మామ చెప్పేది నిజమేనా?"

"అట్టనేవాడు."

"ఎక్కు. ఎవతొస్తాదో నేనూ చూస్తా."

మొదటి శనివారం ఎక్కడమే పెద్ద ఘట్టమైంది. ఊరందరినీ ఎక్కించిన మనిషికి తన కాలు తానెలా ఎత్తుకోవాలో తెలియలేదు. రికాబులో ఎడమకాలు పెట్టి మూడుసార్లు ఎగిరి మూడుసార్లూ నేల మీదికే వచ్చాడు. చివరికి ఫ్లోరా ఆయన మోకాలి కింద చెయ్యి పెట్టి ఎత్తింది. "ఏం కాదన్నా" అంది. ఆ మాట ఇటువైపు నుంచి వింటే అంత ధైర్యంగా ఏమీ లేదనిపించింది ఆయనకి.

ఇన్నేళ్ళూ చెవులకి ముందునుంచి చూసిన గుర్రాన్ని ఇప్పుడు చెవుల వెనకనుంచి చూస్తున్నాడు. దొరసాని కూడా మెడ తిప్పి, ముందు ఉండాల్సిన మనిషి లేకపోవడం చూసి, వీపు మీద ఉన్నవాణ్ణి వాసన చూసింది. జీను ముందు భాగంలో ఒక కొమ్ము లేచి ఉంది. హజరత్తయ్య దాన్ని ఆర్టీసీ బస్సు కమ్మీ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

పక్కనే హరినాథ్ తన గుర్రం మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి రొయ్యపిల్లల హేచరీ ఉంది. పెద్ద అంచు టోపీ, మోకాలి దాకా బూట్లు, ఫోనులో చూసిన వీడియోల జ్ఞానం అన్నీ ఉన్నాయి.

"కనెక్షన్ అన్నా. గుర్రానికీ మనకీ మధ్య కనెక్షన్ ఉండాల. అది లోపల్నించి రావాల."

"ముందు నా కాలు లోపల్నించి రావాల సారూ. రికాబులో ఇరుక్కునుండాది."

ఇసుక బరి చుట్టూ చెక్కల మీద ఇంగ్లీషు అక్షరాలు రాసి ఉన్నాయి. ఏ తర్వాత కే, కే తర్వాత ఈ. ఎక్కణ్ణించి ఎక్కడికి పోవాలో అక్షరం పేరుతో చెబుతారు. ఈ వరస పెట్టినవాడు ఒకటో తరగతి తప్పాడని హజరత్తయ్య తేల్చేశాడు. అయినా గుర్తుంచుకున్నాడు, ఊరేగింపులో సందుల వరస గుర్తుంచుకున్నట్టే. అక్షరాలతో చిక్కు రాలేదు. చిక్కు మెడతో వచ్చింది.

పది అడుగులు వేస్తాడు, వెనక్కి తిరిగి చూస్తాడు. ఆయన చూడగానే దొరసాని ఆగుతుంది. మళ్ళీ నడిపిస్తాడు. మళ్ళీ చూస్తాడు. మళ్ళీ ఆగుతుంది.

"అన్నా, ఎందుకట్టా వెనక్కి చూస్తుండారు?"

"మేళం వస్తుండాదా లేదా అని."

"ఇక్కడ మేళం లేదు కదన్నా."

"నాకు తెలుసమ్మా. మెడకి తెలీదు."

పెళ్ళి ఊరేగింపులో గుర్రం మేళాన్ని వదిలి ముందుకు పోకూడదు. పోతే పెళ్ళికొడుకు ఒంటరిగా వీధి చివర నిలబడి పోలీసోడిలా కనిపిస్తాడు. అందుకని పగ్గం పట్టినవాడు వెనక మేళానికీ ముందు గుర్రానికీ మధ్య తాడులా ఉండాలి. ముప్పయ్యేళ్ళు ఆ పని చేసిన మెడ అది. ఫ్లోరాకి కోపం రాలేదు. సరుగుడు చెట్టుకి ఎర్ర గుడ్డ కట్టి, "దాన్నే చూడండి. అదే పెళ్ళికూతురి ఇల్లనుకోండి" అంది. రెండు మూడు వారాలకి మెడ దారికొచ్చింది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది.

పరీక్షలో బరి మధ్యకి వచ్చి గుర్రాన్ని ఆపాలి. ఆపినచోట నాలుగు కాళ్ళూ కదలకుండా నిలబడాలి. దొరసాని ఆగేది, కాని నిలబడేది కాదు. ఆగీ ఆగగానే ముందుకాలు ఎత్తి ఆట మొదలుపెట్టేది. కంచె దగ్గర నలుగురు మనుషులుంటే మరీను.

"దాని తప్పు కాదమ్మా" అన్నాడు హజరత్తయ్య, పిల్ల అల్లరి చెబుతున్న తండ్రిలా. "దాని చెవిలో పలకలుండాయి. తాళం తెలిసిన జీవం."

ఫ్లోరా బరిలోకి వచ్చింది. ఆయన్ని దిగి గుర్రం వెనక దూరంగా నిలబడమని, దొరసాని పగ్గం తాను పట్టుకుని, హరినాథ్ కారు డిక్కీలో ఉన్న పెద్ద స్పీకరులో పలకల మోత పెట్టించింది. సరుగుడు చెట్ల మీది కాకులు లేచిపోయాయి. పక్క చెరువు కాపలావాడు ఏ పెళ్ళో అని పరుగెత్తుకొచ్చాడు. దొరసాని వెనకకాలు ఒకటి వదులుగా వంచి, కింది పెదవి వేలాడేసి, కునుకు తీసింది.

"నిన్న తిన్నది అరగలేదేమో" అన్నాడు హజరత్తయ్య.

ఫ్లోరా మోత ఆపించి పగ్గం ఆయన చేతికిచ్చింది. "ఏం చెయ్యొద్దన్నా. నిలబడండి. మనసులో మాత్రం మీకిష్టమైన దరువు తలుచుకోండి."

హజరత్తయ్య నిలబడ్డాడు. గాలి తప్ప చప్పుడు లేదు. మనసులో దరువు మొదలైంది. ఆయన ఎడమ భుజం, పురుగు వాలితే పశువు చర్మం కదిలినంత చిన్నగా కదిలింది. దొరసాని కళ్ళు తెరిచింది. మెడ వంచింది. కాలెత్తి ఆడింది. భుజం ఎక్కడ ఆగితే అక్కడ ఆగింది.

హరినాథ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక హజరత్తయ్య అన్నం ముందు కూర్చుని కలపలేదు. ఇన్నేళ్ళుగా తాళం తెలిసిన గుర్రమని ఊరంతా చెప్పాడు. తాళం దానికి తెలియదు. దానికి తెలిసింది ఆయన భుజం. ఆదిశేషమ్మ జరిగిందంతా విని, విస్తరి పక్కన కూలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"అయితే ఇన్నేళ్ళూ కావలి బజార్లో ఆడింది నువ్వన్నమాట! అది పాపం నిన్ను చూసి ఆడతా ఉండింది."

"నవ్వు మే, నవ్వు. ముక్కోటికి అది బీచికి పోతే అప్పుడు నవ్వుదువు."

ఆమె నవ్వు ఆపింది. పెరట్లోకి వెళ్ళి దొరసాని గడ్డి తింటుంటే కాసేపు చూసింది. తిరిగొచ్చి తవుడు బస్తా ఒకటి అరుగు మీదికి ఈడ్చింది.

"ఎక్కు."

"దేనికి?"

"భుజం కదలకూడదన్నారు గదా. ఎక్కి కూర్చో. నేను చూస్తా."

అప్పటినుంచి రోజూ సాయంత్రం హజరత్తయ్య తవుడు బస్తా మీద కాళ్ళు చాపి, రెండు తాళ్ళు చేత పట్టుకుని, ఎదురింటి నీళ్ళ ట్యాంకు కేసి చూస్తూ కూర్చునేవాడు. ఆదిశేషమ్మ వెనకనుంచి సత్తుపళ్ళెం మీద గరిటెతో దరువేసేది. భుజం కదిలితే అదే గరిటె భుజం మీద పడేది. వీధిలో వాళ్ళు మొదట ఆగి చూశారు, తర్వాత కుర్చీలు తెచ్చుకున్నారు.

"ఏందన్నా, యాడికి ప్రయాణం?"

"పలకరించబాకండయ్యా, చూపు చెదురుతాది" అని జవాబు ఆదిశేషమ్మే చెప్పేది. ఆయన నోరు విప్పితే భుజం కదులుతుందని ఆమె కనిపెట్టింది.

కదలకుండా ఉండటమంటే కొయ్యలా బిగుసుకోవడం కాదని మొదట్లో ఆయనకి అర్థం కాలేదు. బిగుసుకుంటే దొరసాని కూడా బిగుసుకుని నడిచేది. ఊపిరి కిందికి వదిలి, నడుము జీనులోకి దించి, భుజాలకి పని లేదని వాటికే చెప్పుకోవాలి. చెప్పడం సులువు. చేతికి రావడానికి వారం వెనక వారం పట్టింది. ఒక ఆదివారం అలా ఊపిరి వదిలాడో లేదో, పగ్గం లాగకుండానే దొరసాని నడక తగ్గించి ఆగింది. హజరత్తయ్య భయపడి కిందికి చూశాడు.

"ఏమైందమ్మా దీనికి?"

"ఏం కాలేదన్నా. మీరు ఆగమన్నారు, ఆగింది."

"నేనేమీ అనలేదే!"

"అదేనన్నా విద్య."

పరీక్ష రోజు ముక్కోటికి ముందు ఆదివారం. ఫ్లోరా గురువు సుశీల్ కుమార్ గారు బరి చివర ప్లాస్టిక్ కుర్చీలో గొడుగు కింద కూర్చున్నారు. పొట్టి మనిషి, తెల్ల మీసం, మాట తక్కువ. కంచె పొడుగునా కావలి నుంచి వచ్చిన జనం. ఆదిశేషమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. ముత్యాలయ్య కూడా వచ్చాడు. ఆయన వ్యాను సరుగుడు నీడలో తలుపు తెరిచి ఉంది. చేతిలో కొత్త తాడు.

"పిలవకుండానే వచ్చినావే?" అంది ఆదిశేషమ్మ.

"మళ్ళీ రావడమెందుకక్కా, పనిలో పని."

ముందు హరినాథ్ వెళ్ళాడు. సముద్రపు గాలికి మొదటి మలుపులోనే టోపీ ఎగిరిపోయింది. ఆయన దానికేసి చూడలేదు. పెదవులు బిగించి, చూపు ముందుకు పెట్టి, మొదటినుంచి చివరిదాకా శుభ్రంగా చేసుకొచ్చాడు. ఇంత పని తెలిసినవాడు ఇన్నాళ్ళూ ఇంత మాట్లాడాడెందుకని హజరత్తయ్య ఆశ్చర్యపోయాడు.

తర్వాత తన వంతు. నడక బాగానే సాగింది. చిన్న పరుగూ ఫరవాలేదు. గుండ్రంగా తిరగాల్సినచోట బీరకాయలా పొడుగ్గా తిరిగాడు. ఫ్లోరా నుదురు కొట్టుకోవడం కంటి కొసకి కనిపించింది. చూపు చెదరనివ్వలేదు. బరి మధ్యకి తిప్పాడు. ఊపిరి వదిలాడు. దొరసాని ఆగింది.

జనం చప్పుడు చెయ్యలేదు. మనుషులు చుట్టూ నిలబడి తననే చూడటం దొరసానికి కొత్త కాదు. ఇంత నిశ్శబ్దంగా చూడటమే కొత్త. దాని చెవి ఒకటి వెనక్కి, ఆయన వైపు తిరిగింది. మొదలుపెట్టనా అని అడుగుతోంది. హజరత్తయ్యకి ఎడమ భుజంలో చీమలు పాకాయి. ఒక్క చిన్న కదలిక చాలు, ఈ జనమంతా ఈలలేస్తారు. అది ఆయనకి తెలుసు. గుర్రానికీ తెలుసు. ముత్యాలయ్య తాడు చేతిలో ఒక చుట్టు తిప్పాడు.

భుజం ఊరుకుంది.

ఇక పరీక్షకుడికి వందనం. ఒక చేత్తో పగ్గాలు పట్టుకుని, రెండో చెయ్యి కిందికి దించి, తల వంచాలి. ఎన్నిసార్లో నేర్పించారు. కాని ఎదురుగా కూర్చున్నది పెద్దమనిషి, గురువుకి గురువు. ఒంటిచేత్తో దండం పెట్టడం హజరత్తయ్య పుట్టి బుద్ధెరిగి చెయ్యలేదు. పగ్గాలు దొరసాని మెడ మీదికి వదిలేసి, రెండు చేతులూ జోడించి, తల వంచి నమస్కారం పెట్టాడు.

ఫ్లోరా కళ్ళు మూసుకుంది.

సుశీల్ కుమార్ గారు తల ఊపారు, సాగమన్నట్టు. హజరత్తయ్య దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పెద్దలు బదులు నమస్కారం పెట్టకముందు చేతులు దించితే మర్యాద తప్పు. ఆయన చేతులు జోడించి అలాగే ఉన్నాడు. ఆ పెద్దాయన, ఇతను దించితే తర్వాతి పని చూద్దామని అలాగే ఉన్నాడు. ఒకరికోసం ఒకరు ఆగారు. పగ్గాలు ఎవరి చేతిలోనూ లేవు. గాలికి హరినాథ్ టోపీ ఇసుకలో దొర్లుకుంటూ వచ్చి దొరసాని కాలికి తగిలి, ఆగి, మళ్ళీ దొర్లిపోయింది. దొరసాని దాన్ని వాసన కూడా చూడలేదు. నాలుగు కాళ్ళ మీద, పీట మీద పెట్టిన చెంబులా నిలబడింది.

చివరికి సుశీల్ కుమార్ గారే కుర్చీలోంచి లేచి, గొడుగు పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించారు. అప్పుడు హజరత్తయ్య చేతులు దించి, పగ్గాలు వెతుక్కుని, బయటికి నడిపించుకొచ్చాడు.

తీర్పు చెప్పడానికి సుశీల్ కుమార్ గారు కంచె దగ్గరికి వచ్చారు. "పగ్గాలు వదిలేసిన రైడరుని నేను పాస్ చెయ్యలేను. నమస్కారం ఇంట్లో పెట్టు. మళ్ళీ క్లినిక్కుకి వచ్చి నేర్చుకో."

హజరత్తయ్య మొహం పాలిపోయింది. ఆదిశేషమ్మ ముందుకొచ్చింది. "సారూ, మనిషి సంగతి పోనియ్యండి. గుర్రం?"

"గుర్రమా? దానికేమమ్మా!" ఆయన దొరసాని మెడ మీద చెయ్యి వేశారు. "ఫ్లోరా, దీన్ని వదలొద్దు. దీని మీద చంటిపిల్లనైనా కూర్చోబెట్టొచ్చు."

"విన్నావా ముత్యాలయ్యా?" ఆదిశేషమ్మ గొంతు సముద్రం దాకా వినిపించింది. "మా ఆయన ఫెయిలు, మా గుర్రం పాసు!"

ముత్యాలయ్య తాడు చుట్టి వ్యానులో పడేశాడు. "పోనీ, ఫెయిలైనోణ్ణి అమ్ముతావా అక్కా?" అన్నాడు.

"తవుడు బస్తా మీద కూర్చోబెట్టను ఆయన్ని నాకే కావాల. పోయిరా."

సరుగుడు నీడలో జనం పలచబడ్డాక హజరత్తయ్య జీను దించబోయాడు. ఆదిశేషమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. చుట్టూ ఒకసారి చూసి, పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది.

"నన్నెక్కించు."

"నిన్నా?"

"చంటిపిల్లనైనా కూర్చోబెట్టొచ్చన్నాడు గదా ఆయన. నేను కూర్చుంటే తప్పేంది?"

మోకాలి కింద చెయ్యి పెట్టి ఎత్తాడు. ఈ పని ఆయనకి బాగా వచ్చు. ఆమె జీను కొమ్ము రెండు చేతులా పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "నడిపించు" అంది. ఆయన పగ్గం పట్టి దొరసాని మెడ పక్కన నడిచాడు. సగం చుట్టు తిరిగేసరికి ఆమె ఒక కన్ను తెరిచింది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి రెండోదీ తెరిచి, సరుగుడు తోట అవతల సముద్రం కనిపిస్తోందని గట్టిగా చెప్పింది. మరో చుట్టు తిరిగాక హజరత్తయ్య ఆపి, దించడానికి చేతులు చాచాడు.

"దిగు మే. గుర్రం అలిసిపోతాది."

"అది అలిసిపోలేదు, నువ్వు అలిసినావు" అంది ఆదిశేషమ్మ, దిగకుండా. "పగ్గం ఫ్లోరాకిచ్చి నువ్వు పోయి నీడన కూర్చో."